మత్తు దిగిన తర్వాత బాపు

గుండె కవాటం మార్చాలన్నప్పుడు మా బాపు భయపడింది గుండె గురించి కాదు. ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరమ్మ చూడడానికి వస్తే, కార్వాన్ బస్తీలో నలభై ఏళ్లుగా బర్రెలు సాకుతున్న ఆ మనిషి మంచం మీద లేచి కూర్చుని అడిగాడు.

"గుండె ఆపుతరట గదమ్మా. గంతసేపు నా దిమాగ్ ఏమైతది?"

ఆయన తమ్ముడు, మా చిన్నాయన, పక్షవాతంతో మాట పడిపోయి ఆరేళ్లు మంచంలో ఉన్నాడు. బాపే అన్నం తినిపించేవాడు. ఆ ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

డాక్టరమ్మ తొందరపడలేదు. గుండె పని మిషన్ చేస్తుందని, ఒళ్లు కొంచెం చల్లబరుస్తామని, మత్తు మందులు మెదడు పనిని కూడా తగ్గిస్తాయని, అప్పుడు దానికి తక్కువ ఆక్సిజన్ సరిపోతుందని చెప్పింది. నుదుటికి పట్టీలు అంటించి, మెదడుకు ఆక్సిజన్ అందుతోందో లేదో చూస్తూ ఉంటారట.

"అయితే ఏం కాదంటవా?"

"ఏం కాదని రాసివ్వలేను పెద్దాయనా. మీ తల దగ్గర్నుంచి మాత్రం కదలను."

బాపుకు ఆ మాట నచ్చింది. నాకు నచ్చలేదు. నాకు గ్యారంటీ కావాలి.

మరునాడు ఉదయం ఆయన్ని లోపలికి తీసుకెళ్లాక నేను కూర్చోలేకపోయాను. మెట్లు దిగాను, ఎక్కాను. చాయ్ కొని తాగకుండా పారబోశాను.

"గిట్ల తిరిగితే ఆపరేషన్ జల్ది అయితదా? కూసో" అంది అమ్మ. కూర్చున్నాను, రెండు నిమిషాలు.

మధ్యాహ్నం దాటాక ఆపరేషన్ అయిపోయింది, గుండె సరిగ్గా కొట్టుకుంటోందన్నారు. మెదడు సంగతి అడిగితే లేచాక తెలుస్తుందన్నారు.

మరునాడు లేచాడు. కాళ్లూ చేతులూ కదిలించాడు, పేరు చెప్పాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపే నా వైపు చూసి, "అక్కా, దూడ తప్పించుకున్నది, తలుపెయ్" అన్నాడు. ఆయన అక్క చనిపోయి ఏళ్లయింది. సాయంత్రానికి గొట్టాలు పీక్కోబోయాడు. పట్టుకున్న నర్సులను ఉర్దూలో తిట్టాడు. ఆయన నోట అలాంటి మాటలు నేనెన్నడూ వినలేదు.

డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. "కదలనంటిరి గదా, మరి ఇదేంది?" అని అరిచాను కూడా.

ఆమె వచ్చి బాపు కళ్లలోకి లైటు వేసి చూసింది, తన వేళ్లు గట్టిగా పట్టుకోమంది. "పక్షవాతంలా లేదు. పెద్ద ఆపరేషన్ తర్వాత కొందరికి ఇలా అయోమయం వస్తుంది, చాలామందికి కొద్దిరోజుల్లో తగ్గుతుంది. మనుషులు సరిగ్గా కనబడేలా కళ్లద్దాలు పెట్టండి. పక్కన కూర్చుని మాట్లాడండి" అంది.

కళ్లద్దాలు ఇంట్లో ఉన్నాయి. ఆటోలో వెళ్లి తెచ్చి పెట్టాను. "నేను బాపూ, నీ బిడ్డను" అన్నాను. ఆ రోజు ఏ వారమో, ఏ బర్రె ఈనిందో చెబుతూనే ఉన్నాను. మూడో రోజు పొద్దున నన్ను చాలాసేపు చూసి, "నువ్వేమన్న తిన్నవా బిడ్డా?" అన్నాడు. బయటికొచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను.

ఇంటికొచ్చాకా నా మనసు ఊరుకోలేదు. నిన్న ఏం కూర? ఫలక్‌నుమా చిన్న మేనత్తకు ఎందరు పిల్లలు? అని ఆయన్ని అడిగేదాన్ని. ఒకసారి పక్కింటాయన పేరు గుర్తురాక తడుముకున్నాడు. ఆ రోజంతా నాకు అన్నం దిగలేదు.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం, కొట్టం ముందు కుర్చీలో కూర్చున్న ఆయన్ని మళ్లీ అడిగాను. "ఇయ్యాల ఏం వారం బాపూ?"

"నీకు బడి ఉన్న వారం. నాకు పరీక్షలు పెట్టుడు బంద్ చేసి నడువ్, బస్సు పోతది."

నిజంగానే పోయింది. మొఘల్‌పురాలో నేను పాఠాలు చెప్పే బడికి పావుగంట ఆలస్యంగా చేరాను. సాయంత్రం మళ్లీ ఏదో ఒకటి అడుగుతానని దారంతా తెలుస్తూనే ఉంది.