ప్రార్థన పేరుతో చెప్పిన మాట

ప్రియ సహోదరీ సహోదరులారా, పోయిన ఏడాదంతా మీరు ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకుని పాలుపొందుతుంటే నేను వెనక గోడ పక్కన కూర్చుని చూశాను. సంఘమే నన్ను పక్కన పెట్టింది, అందుకు కారణం నా నోరే!

చిక్కడపల్లిలో ఒక్క గది కిరాయికి తీసుకుని జాకెట్లు కుట్టుకునే విధవరాలిని నేను. మాట్లాడే మనిషి కోసం వారమంతా ఎదురుచూసి, స్త్రీల కూడికలో ఏదో ఒక సంగతి చెబితే అందరూ నా వైపు తిరుగుతారని ఆశపడేదాన్ని. మన సంఘానికి వచ్చే ఒక బిడ్డ, పేరు చెప్పను, కొట్టే భర్తను విడిచి వచ్చి, ఎవరికీ తెలియకుండా అశోక్ నగర్ హాస్టల్లో ఉంటూ ఉద్యోగ పరీక్షలకు చదువుకునేది. నన్ను నమ్మి నా ఒక్కదానికే చెప్పుకుంది. నేను కూడికలో కళ్లు తుడుచుకుంటూ, "ఆ బిడ్డ కోసం భారంగ ప్రార్థన చేయండక్కా" అని హాస్టల్ పేరుతో సహా అంతా చెప్పేశాను! ఆ మాట ఆ నోటా ఈ నోటా పడి భర్త ఊరికి చేరింది, నెల తిరగకముందే అతను నలుగురిని వెంటేసుకొచ్చి హాస్టల్ ముందు గొడవ చేశాడు, ఆ బిడ్డ పెట్టె సర్దుకుని ఎటో వెళ్లిపోయింది.

పాస్టర్ గారు మొదట ఒక్కరే వచ్చి అడిగారు, తరువాత ఇద్దరు పెద్దలను తీసుకుని వచ్చారు. "నేనేమన్న అబద్ధం చెప్పిన్నా? ప్రార్థన చేయమన్న, గంతే!" అని రెండుసార్లూ వాదించి పంపించాను. మూడోసారి సంఘం ముందు నా పేరు చదివారు. పశ్చాత్తాపపడేదాకా బల్లలో పాలు లేదు, ఎవరూ నాతో సహవాసం చేయకూడదు.

అయ్యో, ఎంత ఒంటరి రోజులవి! నారాయణగూడలో కూరగాయల దగ్గర మన అక్కలు ఎదురైతే తల వంచుకుని పక్కకు జరిగేవారు. క్రిస్మస్ పాటలవాళ్లు సాయంత్రం మా గల్లీకి వచ్చి, పక్కింట్లో పాడి, నా గది దాటి వెళ్లిపోతే, వాళ్ల కోసం చేసిన గారెల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. కుట్టు మిషను ఆపితే గదిలో చప్పుడే ఉండేది కాదు. రోషంతో మోకరించి, "ప్రభువా, ఆ పెద్దాయన ఇంట్ల ఏం నడుస్తుందో నీకు తెల్వదా? ఆ పాటలు పాడే అక్క సంగతి జర చూడు" అని రోజూ ఒకరి తరువాత ఒకరి గురించి చెప్పేదాన్ని.

ఒక ఉదయం అట్లా మొరపెడుతుంటే నా గొంతు నాకే వినబడింది. కూడికలో మాట్లాడే గొంతే అది! వినే మనుషులు దొరక్క దేవుని దగ్గర కూడా చాడీలే చెబుతున్నాను! సిగ్గుతో నేల మీద పడి, "తండ్రీ, ఆ బిడ్డకు నీడ లేకుండ చేసింది నేనే, నీ పేరు అడ్డం పెట్టుకొని చేసిన, నన్ను మన్నించు" అని ఏడ్చాను. ఆ రోజు మొదటిసారి నా సంగతి ఆయనకు చెప్పుకున్నాను.

ఎక్కడున్నా ఆ బిడ్డ చదువు మానదని, అప్పటి నుండి అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల ముందు, టీ కొట్ల దగ్గర రోజూ నిలబడి వెతికితే, పదకొండో రోజు కనబడింది, బాగా చిక్కిపోయింది. కాళ్లు పట్టుకోబోతే వెనక్కి జరిగింది.

"దేవుని ముందట మన్నించిన ఆంటీ. గని యాడ ఉంటున్ననో మాత్రం అడగకుండ్రి" అంది.

"అడగను బిడ్డా" అని వచ్చేశాను. ఆమె అన్నది న్యాయమే, అయినా దారంతా ఏడ్చాను.

కూడికలో నా తప్పు ఒప్పుకున్నాను, సంఘం నన్ను మళ్లీ చేర్చుకుంది, దేవునికే మహిమ! మీలో కొందరు ఇప్పటికీ నన్ను చూసి మాట ఆపేస్తారు, అది నేను చేసుకున్నదే, బాధ ఉంది గానీ కోపం లేదు. రోషంతో మందిరం మానేసిన వాళ్లు ఎవరైనా ఉంటే, తల్లులారా, అన్నలారా, రండి, నన్ను చేర్చుకున్న ప్రభువు మిమ్మల్ని కాదంటాడా? ఆయనను నమ్మండి!

ఇంతవరకు చెప్పడానికి ఆ బిడ్డే ఒప్పుకుంది. మొన్న తానే ఫోన్ చేసి, "ఆంటీ, ఆదివారం నా రూముకు రాండ్రి, కలిసి అన్నం తిందాం" అని దారి గుర్తులు చెప్పింది. స్తోత్రం ప్రభువా! ఆరాధన కాగానే వెళ్తున్నాను. ఎటువైపో నన్నెవరూ అడగవద్దు.