పూల తోకలూ, మా వదినే

ఆ దినాలల్ల కడుపుమంట అంటే ఏందో నాకు ఏ డాక్టరు చెప్పే పనిలేకుండె. మా వదినె ఎదురుంగ కూసుంటే చాలు. (వదినె అంటే మా మేనమామ బిడ్డ, నా ఈడుదే; ఇద్దరం ఒకరినొకరం వదినె అనే పిలుచుకునేటోళ్లం.) తెలంగాణ వచ్చిన కొత్తల ఇద్దరం కల్వకుర్తిల డిగ్రీ, ఒకటే క్లాసు. ఆమె షాద్‌నగర్‌ల ఇంగ్లీషు మీడియం చదివొచ్చి మా ఇంట్లనే దిగింది. నాది తెలుగు మీడియం; పాఠం ఒక్కటే, పేర్లు మాత్రం ఎవరి మీడియంల వాళ్లవి. పువ్వు కిందుండే చిన్న ఆకును ఆమె "బ్రాక్ట్" అని ఒక్క ముక్కల తేల్చేది, నేను "పుచ్ఛం" అనాలె. గా ఆకులే పూలగుత్తి చుట్టూ వరుసగ కమ్ముకుంటే ఆమెకు "ఇన్‌వాల్యుకర్", నాకు "పరిచక్ర పుచ్ఛావళి". మగ్గం మీద కూసున్న బాపు నా చదువు ఇని, "పుచ్ఛమంటే తోక గదనే బిడ్డా? పూలకు తోకలెక్కడియి?" అనెటోడు. అమ్మేమో, "వదినెను చూసి నేర్చుకో, ఇంగ్లీషు నూనె లెక్క జారుతాంది" అనేది. ఆ పూట నాకు అన్నం సయించకపోయేది (రెండోసారి పెట్టించుకున్నంక).

గంతల కాలేజీల సైన్సు ప్రదర్శన వచ్చింది. పూల బల్లకాడ నిలవడి వచ్చినోళ్లకు చెప్పెటందుకు ఒక్కరినే తీసుకుంటనన్నది మేడం. పొద్దుతిరుగుడు పువ్వు ఎత్తిపట్టి, కిందున్న పచ్చటి ఆకుల వరుసను చూపించి, "ఇదేంది?" అన్నది. వదినె నోరు తెరిచేలోపే నేను లేచి, "పుచ్ఛపరి చక్రావళి మేడం!" అని ఒర్రిన. క్లాసంత ఘొల్లుమన్నది. బల్ల వదినెకు పోయింది. పూల మీద నీళ్లు చల్లే పని నాకు దొరికింది.

ప్రదర్శన నాడు ఊర్లకెల్లి ఆడోళ్లు మస్తుగొచ్చిండ్రు. ఒక ముసలామె కాగితంపూల కొమ్మ ముట్టి, "గీ రేకులు గిట్ల గరగరలాడుతున్నయేంది బిడ్డా?" అనడిగింది. వదినె ఇంగ్లీషుల మొదలువెట్టింది. ముసలామె బిత్తరపోయింది. తెలుగుల మాట దొరకక వదినె కొమ్మను అటు తిప్పి ఇటు తిప్పవట్టింది. నేను ఆగలేకపోయిన. చెంబు కిందవెట్టి, "అవ్వా, ఎర్రగున్నయి రేకులు గావు, ఆకులు. నడుమల సన్నగ, తెల్లగున్నయి చూడు, గవే అసలు పూలు. పెండ్లిపిల్ల మూలకు కూసున్నది, చుట్టాలు పట్టుచీరలల్ల మెరుస్తున్నరు" అన్న. ముసలామె పడిపడి నవ్వి, పోయి ఇంకో నలుగురిని పట్టుకొచ్చింది.

పొద్దుమీకి ఇద్దరం ఆటోల ఇంటికి మళ్లినం. జర దూరం పోయినంక వదినె కండ్లు తుడుచుకుంట, "నీ లెక్క చెప్పొస్తే ఎంత బాగుండు. నిన్ను చూస్తే కుళ్లు పుడుతాంది వదినె" అన్నది. ఓదార్చాలె గదా? నేనేమో, "ఏమన్నవ్? ఆటో సప్పుడుల ఇనవడలే, మళ్లొకసారి చెప్పు" అన్న. (మొదటిసారే సక్కగ ఇనవడ్డది.) పాపం, మళ్లా చెప్పింది. నేను బయటికి ముఖం తిప్పి, పండ్లన్ని కనవడంగ నవ్వుకున్న. గట్ల నవ్వుకున్న అప్పటి నేను యాదికొస్తే, ఇప్పుడు గా పిల్ల చెవి మెలేయబుద్ధయితది, దగ్గరికి తీసుకోబుద్ధి గూడ అయితది.