చిసోమో గుండు

2023 ఆగస్టు. తిరుపతి నుంచి పుత్తూరు వెళ్లే దారిలో ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నాది ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ డెస్క్. చదివింది ఎలక్ట్రానిక్స్. చేసేది విదేశాల నుంచి వచ్చిన పిల్లలకు సిమ్ కార్డు, బ్యాంకు ఖాతా, సి-ఫారం చూడడం. సి-ఫారం అంటే, ఫలానా విదేశీయుడు మా హాస్టల్లో దిగాడని ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో తెలియజేసే పత్రం.

మలావీ దేశం నుంచి వచ్చిన చిసోమోను రేణిగుంట విమానాశ్రయం నుంచి నేనే తీసుకొచ్చాను. దారిలో మా కారు పక్కన ఒక ఆటో ఆగింది. అందులో తల్లి, తండ్రి, ఇద్దరు పిల్లలు. అందరివీ చందనం పూసిన నున్నటి గుండ్లు. చిసోమో టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని తల వంచాడు. వాళ్లింట్లో ఎవరు చనిపోయారని మెల్లగా అడిగాడు. కొండ మీద మొక్కు తీర్చుకుని వస్తున్నారని, అది సంతోషమేనని చెప్పాను. వాళ్ల ఊళ్లో దగ్గరివాళ్లను పాతిపెట్టాక తల గొరిగించుకుంటారట. ఇద్దరం నవ్వుకున్నాం.

మెస్‌లో వంట చూసే మునిరత్నమన్నకు అతనంటే ముద్దు. ఆదివారం రాగి సంగటి చేస్తే చిసోమో ముందు వరసలో ఉంటాడు. వాళ్ల దేశంలో మొక్కజొన్న పిండితో ఇలాంటి ముద్దే చేసుకుంటారు. "మనోడేనప్పా వీడు, తప్పిపోయి ఆడ పుట్టినాడు" అనేవాడు అన్న.

నవంబరులో ఒకరోజు చిసోమో గుండుతో మెస్‌కు వచ్చాడు. మునిరత్నమన్న గరిటె ఎత్తి, "లడ్డు యాడప్పా?" అన్నాడు. వరసలో ఉన్న పిల్లలు ఆ గుండు నిమిరారు. వాచ్‌మన్ గోవిందా అని చేతులు జోడించాడు. చిసోమో అందరినీ చూసి నవ్వాడు. మర్నాటి నుంచి క్లాసుకూ రాలేదు, మెస్‌కూ రాలేదు. కొన్నాళ్లకు అతని నుంచి నాకొక మెయిల్ వచ్చింది. చదువు మానేసి ఇంటికి పోవాలి, ఏం చేయాలో చెప్పమని.

మా పనిలో దీన్ని విత్‌డ్రాయల్ అంటాం. మధ్యలో మానేస్తే స్టూడెంట్ వీసా చెల్లదు, సీటు పోతుంది. మళ్లీ రావాలంటే అన్నీ మొదటి నుంచే. కారణం ఏమిటని రాయబోతుంటే కారులో అతని ఒళ్లో ఉన్న టోపీ గుర్తొచ్చింది. జవాబు ఆపేసి హాస్టల్‌కు వెళ్లాను.

చనిపోయింది మేనమామ. వాళ్లలో ఇంటికి పెద్ద ఆయనే. చిసోమోను పెంచి చదివించిందీ ఆయనే. కబురు అందేసరికే అక్కడ పాతిపెట్టేశారు. చేయగలిగింది అదొక్కటే అనుకుని చిసోమో బస్టాండు దగ్గర గుండు చేయించుకున్నాడు.

"ఎవరికైనా చెప్పాల్సింది" అన్నాను ఇంగ్లిషులో.

"అందరూ అంత సంతోషంగా అడిగారు. అలాంటి మొహాలకు చావు కబురు ఎలా చెప్పను? నవ్వాను. రోజూ నవ్వలేక గదిలో ఉండిపోయాను."

మునిరత్నమన్నకు చెప్పనా అని అడిగాను. సరేనన్నాడు. విన్నాక అన్న పప్పుగుత్తి పక్కన పెట్టేశాడు.

"మేనమామంటే నాయన లెక్క గదా సార్. సావైన ఇంట్లో పొయ్యి ఎలిగించరు, పక్కింటోళ్లే కూడు తెస్తారు. ఆ పిలగానికి ఈడ పక్కింటోళ్లు ఎవురుండారు?"

ఆదివారం కాకపోయినా ఆ మధ్యాహ్నం సంగటి కెలికాడు. క్యారియర్ పట్టుకుని గదికి వచ్చి, పళ్లెంలో ముద్ద వేసి, తనూ నేల మీద కూర్చున్నాడు. అన్నకు ఇంగ్లిషు రాదు, చిసోమోకు తెలుగు అంతంతమాత్రం. చిసోమో ముద్ద తుంచి, చేతిలో పట్టుకునే ఏడ్చాడు. చావు జరిగితే తమ ఊళ్లోనూ ఇలాగే ముద్ద చేసి తెస్తారని నాతో అన్నాడు. అది నేను తెలుగులో చెప్పాను.

"తిను నాయనా" అన్నాడు అన్న.

హాస్టల్ పిల్లలకు కూడా అన్నే చెప్పాడు. వాళ్లు ఒక్కొక్కరే వచ్చి చిసోమో గదిలో కాసేపు కూర్చుని వెళ్లారు. అతను మెస్‌కు తనంతట తాను వచ్చేదాకా క్యారియర్ వెళుతూనే ఉంది. ఆ మెయిల్‌కు నేను జవాబు రాయలేదు. అతనూ మళ్లీ అడగలేదు.

తండ్రి పోతే మావైపు కొడుకులు గుండు చేయించుకుంటారు. ఆ సంగతి మాకు తెలియనిది కాదు. కొండ కింద ఏళ్లుగా బతకడంతో ప్రతి గుండూ మొక్కే అనిపిస్తుంది. కొత్తవాడికి ఊరిని అలవాటు చేయడమే నా పని అనుకునేవాణ్ణి. ఊరు కూడా అతనికి కొంత అలవాటు పడాలని అప్పుడు తెలిసింది. మునిరత్నమన్న దాన్నే తన పద్ధతిలో చెప్పాడు: "ముందు మొగం సూడల్ల సార్, తర్వాతే తల."

పోయిన నెల అన్న మొక్కు తీర్చుకుని గుండుతో పనిలోకి వచ్చాడు. ఇప్పుడు సీనియర్ అయిన చిసోమో పళ్లెం పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. వెనక వరస ఆగిపోయినా కదలకుండా అన్న మొహమే చూశాడు. అన్న నవ్వాక అడిగాడు.

"లడ్డు యాడన్నా?"