రెండు గీతలు కలిసిన చోట

కొత్తగూడ ఫ్లైఓవర్ పక్కన ఏదో కొత్త టవర్‌కు పునాది తవ్వుతున్నారు. మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, తర్వాత బండ పేలుతుంది, మా ఆఫీసు అద్దాలు సన్నగా వణుకుతాయి. కుర్ర ఉద్యోగులు ఒక్క క్షణం తలెత్తి మళ్లీ లాప్‌టాప్‌లలో మునిగిపోతారు. నాకు మాత్రం ఆ చప్పుడు వినగానే మా బాస్ రాజేశ్వరి మేడం గుర్తుకొస్తారు. బొగ్గు గనుల ఊళ్లో పుట్టిన మనిషి. పేలుడు వినబడితే మాట ఆపి, చప్పుడు పూర్తిగా సద్దుమణిగాకే మిగతా వాక్యం పూర్తి చేసేవారు. ఆవిడ కన్నుమూశాక ఈ ఆఫీసు నాకింకా అలవాటు కాలేదు.

కాకినాడ నుంచి వచ్చి మేడం దగ్గర చేరిందే నా మొదటి ఉద్యోగం. సంస్థలు జనం బాగు కోసం చేపట్టే పనులు నిజంగా ఏమైనా ఒరగబెట్టాయా అని కొలిచి చెప్పడం మా పని. ఆడవాళ్ల అంకె ఒక్కటే పట్టుకుని వెళ్తే మేడం వెనక్కి పంపేసేవారు, మగవాళ్లది కూడా పక్కన పెట్టుకుని రమ్మనేవారు. నాకు విసుగొచ్చింది. మహిళల గురించి అధ్యయనం చేస్తూ మధ్యలో మగవాళ్ల గోల ఎందుకండీ అని అడిగేశాను. నవ్వి, “సమానం అంటే ఇద్దరుండాలె గద తల్లీ” అన్నారు.

అప్పుడు మా చేతిలో ఉన్నది అడవి అంచున ఒక ఇనుప గని చుట్టూ ఉన్న ఊళ్ల పని. అక్కడ పోలీసులకూ అడవిలోని దళాలకూ ఏళ్లుగా పోరు. ఆ ఊళ్ల ఆడవాళ్లు సంతకూ దవాఖానకూ వెళ్లడానికి గని సంస్థ ఒక మినీబస్సు నడిపేది. ఇల్లు దాటి ఎవరు ఎంత తరచుగా వెళ్తున్నారో చూసి ఆడామగా తేడా తగ్గుతోందా అని మేం కొలవాలి. తేడా పోయిందని మేం రాసిన రోజున లక్ష్యం నెరవేరినట్టే, బస్సు ఆగిపోయినట్టే.

ఆ ఏడాది కంప్యూటర్ తెర మీద ఆడవాళ్ల గీతా మగవాళ్ల గీతా కలిసిపోయాయి. మేం పొంగిపోయి కేకు కూడా తెప్పించాం. మేడం దాన్ని ముట్టలేదు. తెర దగ్గరికి నడిచి మగవాళ్ల గీత మీద వేలు పెట్టారు. ఆడవాళ్లది కొంత పైకెక్కిన మాట నిజమే, కానీ మగవాళ్లది నిలువునా కిందికి జారింది. మేమంతా గీతలు కలిసిన చోటే చూశాం గానీ ఎటు నుంచి వచ్చి కలిశాయో చూడలేదు.

మేడం అక్కడికక్కడే పోశక్కకు ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టారు. గని పక్క ఊళ్లలో ఒకచోట మా సర్వేకు ప్రతిసారీ జవాబు చెప్పే మనిషి ఆమె. ఇద్దరూ ముందు వానల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి తీరిగ్గా మాట్లాడుకున్నారు. తర్వాత మేడం, మీ ఆయన సంతకు పోవడం ఎందుకు మానేశాడని అడిగారు.

“మొగోళ్లు పోతే ఇటోళ్లు ఆపుతరు, అటోళ్లు ఆపుతరు. తిరిగొస్తరో లేదో తెల్వదు. అందుకే మేమే పోతున్నం” అంది పోశక్క. బస్సుంది కాబట్టి గుంపుగా వెళ్లగలుగుతున్నామనీ, అది లేకపోతే ఇంట్లో ఉప్పుకు కూడా గతి ఉండదనీ చెప్పింది. వాళ్ల భయాన్ని మేం స్వేచ్ఛ కింద జమకట్టామని అప్పుడు అర్థమై, నాకు కేకు చేదనిపించింది.

గని సంస్థ అధికారి వీడియో కాల్‌లో మర్యాదగానే మాట్లాడారు. ఒప్పందంలో ఉన్నది తేడా గురించే కాబట్టి తేడా లేదని రాసిస్తే చాలన్నారు. మా చిన్న ఆఫీసు ఆ పని మీదే నడుస్తోంది. మేడం మాత్రం గొంతు పెంచలేదు.

“ఇద్దరూ సమానంగ భయపడుతున్నరని రాస్త సార్. లక్ష్యం నెరవేరిందని మాత్రం రాయ. ఫికర్ లేదు, పని వేరేటోళ్లకు ఇచ్చుకోండ్రి.”

ఆయన కొన్నాళ్లు నాన్చారు. చివరికి రెండు గీతలూ విడివిడిగానే నివేదికలోకి వెళ్లాయి, బస్సు ఆగలేదు. ఆ సర్వే మా దగ్గరే ఉండిపోయింది గానీ గని సంస్థ ఇంకే కొత్త పనులూ ఇవ్వలేదు. మేడం దానికేమీ బెంగపడలేదు. కొండాపూర్‌లో తక్కువ అద్దెకు కాస్త ఇరుకైన చోటు చూసి మమ్మల్నందర్నీ అక్కడికి తరలించారు. ఆ ఇరుకులో పనిచేసినంత గర్వంగా నేను ఇంకెక్కడా పనిచేయలేదు.

తర్వాతి సర్వే నాటికి అక్కడి గొడవలు కాస్త చల్లబడ్డాయి. ఈసారి ఆడవాళ్ల గీత కొంచెం దిగింది. కంగారుపడి పోశక్కకు నేనే ఫోన్ చేశాను. మేడం కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు.

“పోయిన వారం నాకు పానం బాగలేకుండె, ఇంట్లనే పండుకున్న. మా ఆయన పోయిండు సంతకు” అంది. మళ్లీ తనే, “వచ్చిండు” అంది.

మేడం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఇగ రాసుకో అన్నారు నాతో.

ఇప్పుడు మేడం కుర్చీ నాది. అంకె పెరిగిందని ఎవరైనా ఉత్సాహంగా వస్తే, ఒంట్లో బాగాలేని రోజున ఆ అంకె వెనకున్న ఆడమనిషి ఇంట్లో పడుకోగలుగుతోందా, ఆమె బదులు వెళ్లినవాడు తిరిగొస్తున్నాడా అని అడుగుతాను. వాళ్లకు విసుగ్గానే ఉంటుంది. ఉండనివ్వండి. ‘వచ్చిండు’ అన్న మాటను రాసుకునే గడి మా పట్టికల్లో ఇంకా లేదు. అది చేర్చకుండా నేను ఈ కుర్చీలోంచి లేవను.