రంజాన్‌బీకి చేరని మెసేజ్‌లు

2023 ఎండాకాలం. నరసరావుపేటలో ఆసుపత్రుల వీధిలో, మేడ మీద ఒక్క గది మా షాపు. స్కూళ్ళకీ, లాడ్జీలకీ, విత్తనాల కొట్లకీ వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. తోడున్నవాళ్ళు హైదరాబాదు వెళ్ళిపోయాక ఒక్కడినే నడుపుకుంటున్నాను.

ఒక మధ్యాహ్నం యాభై దాటినావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చి, తన ఫోన్ నా ముందు పెట్టింది.

"మా అన్న ఫొటో కింద పేకాట బొమ్మలొస్తున్నయ్ బాబూ. అయ్యి తీసెయ్యి. చూసినోళ్ళు ఏమనుకుంటారు?"

ఆమె పేరు రంజాన్‌బీ. ఇంట్లోనే బట్టలు కుడుతుంది. అన్న మస్తాన్ బోరు మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు, ఒకే ఇంట్లో ఉండేవాళ్ళు. ఆయనకి కొంతకాలంగా మతిమరుపు మొదలైంది. కిందటేడు నడికుడిలో బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు, ఆమె నీళ్ళసీసా కొనుక్కొచ్చేలోపు ప్లాట్‌ఫాం మీద ఆగిన రైలెక్కేశాడు. అది ఎటుపోయే రైలో కూడా ఆమె చూడలేదు.

పోలీసులకు చెప్పింది, కరపత్రాలు పంచింది. ఆ తర్వాత, ఉచితంగా వెబ్‌సైటు చేసుకోవచ్చని ఎవరో చెబితే ఒక యాప్ వేసుకుంది. అందులో టెంప్లేట్లు ఉంటాయి. అంటే ముందే తయారుచేసి ఉంచిన పేజీలు. పేరూ ఫొటో మార్చుకుంటే చాలు. తెలుగులో ఆమే టైపు చేసుకుంది: 'మా అన్న తప్పిపోయాడు. చూసినవారు కింద రాయండి.'

"ఫోన్ నంబరు పెట్టలేదేం అక్కా?" అన్నాను.

"పెట్టా. పిచ్చి పిచ్చి ఫోన్లు జేశారు. ఏడుపొచ్చి తీసేశా. రాసేదానికి కింద డబ్బా ఉందిగా అనుకున్నా. ఒక్కళ్ళు గూడా రాయలా."

ఉచిత యాప్‌లకు బతుకుదెరువు ప్రకటనలే. ఆ పేకాట బొమ్మలు అందుకే వస్తున్నాయని చెప్పాను. మాట్లాడుతూనే ఆమె చెప్పిన డబ్బా, అంటే కాంటాక్ట్ ఫాం, ఎటు పోతుందో చూశాను. అందులో రాసిన కబురు ఆమె ఫోన్‌కి రావడం లేదు. కంపెనీవాళ్ళ దగ్గరే ఆగిపోతోంది. చదవాలంటే డబ్బు కట్టే ప్లాన్‌కి మారాలని ఒక మూల చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఉంది. అదీ ఒక ప్రకటనే అనుకుని ఆమె ప్రతిసారీ పక్కకి జరిపేస్తూ వచ్చింది.

నా కార్డుతో ప్లాన్ మార్చాను. పనికిరాని మెసేజ్‌ల మధ్య రెండు, ఒకే మనిషి రాసినవి కనిపించాయి. కృష్ణ అవతల, తెలంగాణలో ఒక అనాథాశ్రమంలో పనిచేసే అమ్మాయి.

మొదటిది పైకి చదివాను. "నరసరావుపేట, మోటార్ల మస్తాన్ అని చెప్తుంటే ఫోన్‌లో వెతికి మీ పేజీ చూశాను. మా దగ్గరే ఉన్నారు. చెల్లెలు వస్తుందని పొద్దస్తమానం గేటు దగ్గరే కూర్చుంటున్నారు."

రెండోది కొన్ని నెలల తర్వాత రాసింది. "జవాబు లేదు. మీకు తీసుకెళ్ళడం ఇష్టం లేదేమో. ఏమీ అనుకోకండి. మేం చూసుకుంటాం."

రంజాన్‌బీ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "నాకిష్టం లేదనుకున్నారా?" అని చానా మెల్లగా, తనలో తాను అన్నట్టు అంది. తర్వాత కొంగుతో ఫోన్ అద్దం తుడిచి, "ఆ అమ్మాయి నంబరు కనుక్కో బాబూ" అంది.

మర్నాడు ఆ ఆశ్రమానికి ఆమెతో నేనూ వెళ్ళాను. ఆయన గేటు దగ్గర లేడు. లోపల వరండాలో గోడవైపు తిరిగి కూర్చున్నాడు. చిక్కిపోయాడు గానీ శుభ్రంగా ఉన్నాడు. ఆమె ఎదురుగా కూర్చుని, "అన్నా, నేను" అంది.

ఆయన మర్యాదగా కాళ్ళు ముడుచుకుని చోటిచ్చాడు. "ఎవరి కోసం వచ్చారమ్మా?"

"నీ కోసమే."

"నాకెవరూ లేరమ్మా. ఒకామె ఉండేది, రాలా."

మెసేజ్‌లు రాసిన అమ్మాయి పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంది. ఎండాకాలం రాకముందు వరకూ చెల్లెలి పేరు చెప్పేవాడని, ఆ తర్వాత అడగడం మానేశాడని నాతో అంది. రమ్మంటే మాత్రం మారుమాట లేకుండా బయల్దేరాడు. రైల్లో దారంతా ఆమె ఆయన చొక్కా అంచు పట్టుకునే కూర్చుంది.

తర్వాత ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. మస్తాన్ మంచం మీద నిద్రపోతున్నాడు. ఆమె మిషను ఆపి టీ ఇచ్చింది.

"ఎట్టా ఉన్నారక్కా?"

"తింటాడు, పడుకుంటాడు. చెప్పినమాట వింటాడు. పనిమనిషనుకుంటున్నాడు నన్ను. మనిషి ఇంటికొచ్చాడు బాబూ. నేనే ఇంకా ఒంటరిగా ఉన్నా."

టీ తాగి వచ్చేశాను.

ఆ యాప్ తయారుచేసినవాళ్ళకి రంజాన్‌బీ ఎవరో తెలియదు. మెసేజ్ అందకపోతే గేటు దగ్గర కూర్చున్న మనిషికి ఏమవుతుందో అసలే తెలియదు. ఉచితమైనా, డబ్బు కట్టినదైనా, ఏ సైటు అప్పగించేముందైనా ఇప్పుడు నేను ఒక పని తప్పకుండా చేస్తాను. కొత్తవాడిలా ఆ ఫాంలో నాలుగు మాటలు రాసి పంపుతాను. అవి సొంతదారు ఫోన్‌లో మోగి, ఆయన నా ఎదుట పైకి చదివేదాకా షాపులోంచి కదలనివ్వను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనిస్తాను.