నా గంటలో ప్రార్థన చేసిందెవరు?

దయ్యాలు, ఆత్మలు, అద్భుతాలు... వీటిలో దేన్నీ నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మకపోవడానికి నాకున్నంత అర్హత ఇంకెవరికీ ఉండదేమో. మా నాన్న తెనాలి దగ్గర పాస్టర్. శుక్రవారం కూటాల్లో దయ్యం పట్టినవాళ్ళు కింద పడి దొర్లుతుంటే పక్కన కూర్చుని కంజీర వాయించినదాన్ని. ఎవరు ఏ పాటకి పడతారో ముందే చెప్పేసేదాన్ని. అమ్మ తొడపాశం పెట్టేది.

అలాంటి నాకే ఇది జరిగింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నేను చదువుకోవడానికి వచ్చింది లండన్. ఇంగ్లాండ్‌లోది కాదు, కెనడాలో ఒంటారియోది. మా బంధువులకి నాన్న ఆ తేడా చెప్పలేదు, అది వేరే సంగతి. ఇండియా నుంచి విమానాల నిండా స్టూడెంట్లు వచ్చి దిగుతున్న రోజులవి. ఒక ఇంటి బేస్‌మెంట్‌లో నేనూ, ఖమ్మం వైపు నుంచి వచ్చిన కరుణా ఒకే గదిలో ఉండేవాళ్ళం.

కరుణ అందరిలాంటి విశ్వాసురాలే. ఆదివారం చర్చికి వెళ్ళేది, అన్నం ముందు కళ్ళు మూసుకునేది. కోపం మాత్రం ముక్కు మీదే. ఆమె పెరుగు డబ్బా ఎవరైనా ముట్టుకుంటే ఆ రోజు ఇంట్లో యుద్ధమే.

ఇద్దరికీ ఒక వృద్ధుల హోమ్ కిచెన్‌లో పార్ట్ టైం దొరికింది. నేను ట్రేలలో తిండి సర్దేదాన్ని, కరుణ గదులకు తీసుకెళ్ళేది. ప్రతి ట్రేలో పేరు రాసిన స్లిప్ ఉంటుంది. ఆ స్లిప్ నీలం రంగుదైతే వాళ్ళు మింగలేరని గుర్తు, మెత్తగా గ్రైండ్ చేసిందే పెట్టాలి.

ఒకరోజు నేను నీలం స్లిప్ ఉన్న ట్రేలో టోస్ట్ పెట్టేశాను. వేరే ఆలోచనలో ఉన్నాను, అంతే. కరుణ ఎనిమిది ట్రేల హడావిడిలో చూసుకోకుండా ఇచ్చేసి వచ్చింది. రెండో అంతస్తులో ఒక తాతగారికి అది గొంతులో అడ్డం పడింది. అంబులెన్స్ వచ్చి తీసుకెళ్ళింది.

ఆ ట్రే కిచెన్‌కి తిరిగొచ్చినప్పుడు చుట్టూ ఎవరూ లేరు. నీలం స్లిప్ తీసి ఏప్రాన్ జేబులో పెట్టుకున్నాను. బాత్రూంలో ముక్కలు చేసి ఫ్లష్ చేశాను. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

స్లిప్ లేకపోయేసరికి కరుణ వేరే గది ట్రే తీసుకెళ్ళిందని మేనేజర్ తేల్చింది. కరుణ ఉద్యోగం పోయింది. నేను నోరు మెదపలేదు. తాతగారు నాలుగు రోజులకి కోలుకుని వచ్చారు. కానీ ఒక ముసలాయన ప్రాణం తీయబోయానని కరుణ నమ్మేసింది. ముద్ద ముట్టేది కాదు. నిద్రలో లేచి కూర్చునేది.

ఆ తర్వాత మారింది. తెల్లవారుజామున ఐదింటికి లేచి, ఇంటిని వేడి చేసే ఫర్నేస్‌కీ వాషింగ్ మెషీన్‌కీ మధ్యనున్న కాస్త చోటులో మోకాళ్ళ మీద ఉండేది. గంటసేపు. రెండు మూడు వారాలయ్యేసరికి ఆ పాత కోపం ఎక్కడికి పోయిందో తెలీదు. నేను తిన్న గిన్నెలు కూడా తనే కడిగేది. పెరుగు డబ్బా మీద రాసుకున్న పేరు తనే చెరిపేసింది. పడుకుని వింటుంటే ఆమె ప్రార్థనలో తాతగారి పేరు తర్వాత నా పేరు వచ్చేది. నాకు షిఫ్టులు బాగా దొరకాలట! దుప్పటి ముసుగు లాక్కునేదాన్ని.

ఆ నెలలోనే చైన్ ప్రార్థన వచ్చింది. ఏజాక్స్ అనే ఊళ్ళో ఉండే, నాన్నకి తెలిసిన స్వర్ణ ఆంటీ నడిపిస్తారు. మూడు రోజులు, పగలూ రాత్రీ, ఫోన్ కాన్ఫరెన్స్‌లో. ఎవరి గంట వాళ్ళు పంచుకుంటారు. ఆ గంటలో వాళ్ళు పైకి ప్రార్థిస్తే మిగతావాళ్ళు మ్యూట్‌లో వింటారు. కరుణ అప్పటికే చేరింది, నేను నాన్న పోరు పడలేక పేరిచ్చాను. శనివారం ఉదయం ఐదు నుంచి ఆరు నా గంట.

శుక్రవారం సాయంత్రం నా ఫోన్ కింద పడి పగిలింది. రిపేర్ షాపులో ఇచ్చాను, సోమవారం రమ్మన్నాడు. నిజం చెప్పాలంటే లోలోపల సంతోషించాను. ఫోన్ లేదు కాబట్టి ప్రార్థన గొడవా లేదు. ఎవరికీ చెప్పలేదు కూడా.

శనివారం ఐదింటికి నేను హోమ్ కిచెన్‌లో ఉన్నాను. పంచ్ చేసిన టైం రికార్డులో ఉంది. నాతో పాటు ఒక ఫిలిప్పీన్స్ ఆవిడ ఉంది. ఆరు దాటేదాకా ఇద్దరం పక్కపక్కనే నిలబడి గుడ్లు కొట్టాం.

మధ్యాహ్నం రెండింటికి ఇంటికొచ్చి తలుపు తీయగానే కరుణ వచ్చి నన్ను గట్టిగా వాటేసుకుంది. ఏడుస్తోంది.

"అంత మంది ముందట ఎట్ల చెప్పినవే సుహా? నా గుండె మీద బండ తీసేసినవ్. తాతను నేనే చంపబోయిన అనుకొని నెల రోజుల సంది సచ్చిన."

"ఏం చెప్పాను?" అన్నాను.

"టోస్ట్ నువ్వే పెట్టినవని. నీలం స్లిప్ చింపి బాత్రూంల పడేసినవని."

అలాగే బూట్లతో మెట్ల మీద కూర్చుండిపోయాను. ఆ స్లిప్ సంగతి ఈ భూమ్మీద నాకు తప్ప ఎవరికీ తెలీదు.

ఇంతలో కరుణ ఫోన్‌కి స్వర్ణ ఆంటీ చేశారు, కరుణ ఫోన్ నాకిచ్చింది. "ఏం తల్లీ, ఇంటికొచ్చావా? ఇన్నేళ్ళలో అలాంటి ప్రార్థన నేను వినలేదమ్మా. ముప్ఫై మందిమీ ఏడ్చాం." ఏ నంబర్ నుంచి వచ్చిందని అడిగాను. "అదేంటమ్మా, నీ నంబరే. ఐదు కొట్టగానే కలిశావు కదా."

పాత కరుణ అయితే నా సూట్‌కేసు మంచులోకి విసిరేసేది. ఈ కరుణ పప్పు వండి, వేడన్నం పెట్టి, నెయ్యి కూడా వేసింది. నేను తిన్నాను. అది నేను కాదని చెప్పలేదు. అడక్కుండానే క్షమాపణ దొరికింది, వదులుకోబుద్ధి కాలేదు.

సోమవారం షాపుకి వెళ్ళాను. నా ఫోన్ బల్ల మీద విప్పి ఉంది. బ్యాటరీ ఒక పక్కన, సిమ్ చిన్న ప్లాస్టిక్ కవర్లో ఒక పక్కన. శుక్రవారం నేను వెళ్ళగానే విప్పాడట. కొత్త స్క్రీన్ ఆ ఉదయమే వచ్చిందట. వారాంతమంతా షాపు మూసే ఉంది. మూడుసార్లు అడిగాను. మూడోసారికి అతను విసుక్కున్నాడు.

బయటకొచ్చి బస్ స్టాప్‌లో నిలబడ్డాను. మంచు పడుతోంది. మా నాన్న కూటాల్లో జీవితమంతా నవ్వుకున్నదాన్ని, ఆ రోజు నవ్వు రాలేదు. ఇంటి బస్సు వదిలేసి హోమ్‌కి వెళ్ళే బస్సెక్కాను. మేనేజర్ ముందు కూర్చుని అంతా నా నోటితో చెప్పాను. నా ఉద్యోగం అక్కడే పోయింది. కరుణను మళ్ళీ పిలిచారు.

సాయంత్రం కరుణ బట్టలు మడతపెడుతుంటే చెప్పాను. "ఆ రోజు ప్రార్థించింది నేను కాదే. ఫోన్ నా దగ్గర లేదు."

ఆమె చేతులాగలేదు. "నాకు అప్పుడే అనుమానం వచ్చింది," అంది.

"గొంతు నాది కాదా?"

"గొంతు నీదే. ఆ దగ్గు కూడ నీదే. కానీ ఆఖర్ల 'ప్రభువా, సుహాసినిని విడిచిపెట్టొద్దు' అన్నది. తన గురించి ఎవరన్న అట్ల పేరు పెట్టి అడుగుతరా?"

"మరి నన్నెందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తవని ఆగిన."

ఎవరైనా నాతో ఆట ఆడారా అని చాలా ఆలోచించాను. కరుణ మీద కూడా అనుమానపడ్డాను. స్లిప్ సంగతి దగ్గరికి రాగానే ప్రతి ఆలోచనా ఆగిపోతుంది. నా నంబర్ కాల్ రికార్డులో ఆ రోజు ఏ కాలూ లేదు. స్వర్ణ ఆంటీ ఫోన్‌లో నా నంబర్ ఉంది. స్క్రీన్‌షాట్ పంపారు, ఇప్పటికీ దాచుకున్నాను. నాన్నకి చెబితే ఆ స్క్రీన్‌షాట్ తనకూ పంపమన్నారు.

దయ్యాలను ఇప్పటికీ నమ్మను. ఆ గొంతు ఏమిటో మాత్రం చెప్పలేను. చైన్ ప్రార్థన ప్రతి నెలా వస్తుంది, ప్రతిసారీ అదే గంట నాకిస్తారు. నేను ఐదు నిమిషాలు ముందే కలుస్తాను. ఫర్నేస్ పక్కన మోకాళ్ళ మీద, గడియారం చూస్తూ. ఆలస్యమైతే నా బదులు మళ్ళీ నా గొంతుతో ప్రార్థన మొదలవుతుందేమోనని భయం.