నీలం పూసిన ముఖం

మొన్న కర్నూలులో ఒక కొత్త బట్టల దుకాణం ముందు ఆగిపోయాను. గోడ నిండా ఒకే అమ్మాయి బొమ్మ, నాలుగుసార్లు. ఒకచోట ముఖం నీలం, చీర పసుపు. ఇంకోచోట ముఖం పచ్చ, చీర గులాబి. అప్పుడే అతికించారేమో, రంగు వాసన ఘాటుగా ఉంది. "ఇదే ఇప్పటి ఫ్యాషన్ నాన్నా" అన్నాడు మా అబ్బాయి. నా వేళ్ళ కొసలకు మాత్రం తడి దూది చల్లదనం తగిలినట్టయింది. ఇలాంటి బొమ్మను డెబ్బైల చివర్లోనే ఆదోనిలో జిలానీ సాబ్ చేశాడు. ఆయన ఒక ఆడమనిషి విషయంలో ఇచ్చిన మాట తప్పినవాడని ఎమ్మిగనూరు నేతగాళ్ళ ఇళ్ళలో ఇప్పటికీ అంటారు. అది నిజం కాదు. ఆ సంగతి చెప్పవలసినవాణ్ణి నేనే.

సాబ్ వయసులో ఉన్నప్పుడు సినిమా బోర్డులు రాసేవాడు. తర్వాత బజారు దగ్గర ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. కలర్ ఫిల్ము మాకు అందనంత ఖరీదు. నలుపు తెలుపులో తీసి, ప్రింటు మీద చేత్తో రంగులు వేసేవాళ్ళం. నేను ఆయన దగ్గర జీతానికి రంగులద్దే పనివాణ్ణి. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు, పెళ్ళయింది, నా చేతి పనితనం మీద నాకు మహా నమ్మకం. బిగుసుకుపోయి కూర్చున్న పెళ్ళికొడుకులతో "నవ్వప్పా, పెండ్లయింది నీకే గదా" అనేవాడు సాబ్. వాళ్ళు నవ్వేలోపు ఫోటో అయిపోయేది.

ఒక ఏడాది బట్టల శెట్టి క్యాలెండర్ కావాలని వచ్చాడు. ఒకే రకం చీర, నాలుగు రంగుల్లో ఉంది. సినిమాతార లాంటి అమ్మాయిని పట్నం నుంచి పిలిపిద్దామన్నాడు.

"నేసినోళ్ళ కంటే బాగా ఎవురు కడ్తారు శెట్టీ?" అన్నాడు సాబ్.

ఇద్దరం బస్సెక్కి ఎమ్మిగనూరులో మల్లయ్య ఇంటికి పోయాం. ఆ చీరలు ఆయన, ఆయన భార్య నరసమ్మ నేసినవే. అంత ఖరీదు చీర ఆమె ఎన్నడూ కట్టింది లేదు. మల్లయ్య చివరికి ఒప్పుకున్నాడు. "ఒకటే మాట సాబూ. మా ఆడమనిషి మొగం టీ అంగట్ల, బస్టాండ్ల యాలాడకూడదు. ఎవురూ గుర్తుపట్టకూడదు."

సాబ్ గుండెమీద చెయ్యి పెట్టుకున్నాడు. "నా మాటప్పా."

మగ్గం పక్కన ఆమెను నిలబెట్టాడు. అయితే ముఖం పక్కకు తిప్పుకోమంటే సరిపోతుంది కదా అన్నాను నేను. "మొగం తిప్పుకుంటే చీర దొంగిలిచ్చుకొచ్చినట్టుంటాదిరా" అన్నాడు. నరసమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. ఫోటోలో పడింది ఆ నవ్వే.

ఆ ఒక్క ఫోటోకు నాలుగు ప్రింట్లు తీశాడు. చీరలకు పల్చటి రంగులు. ముఖాలకు మాత్రం దళసరిగా పోస్టరు రంగు: నీలం, పచ్చ, ఊదా, నారింజ. సినిమా బోర్డుల మీద ముఖాలకు నీలి నీడలు వేసిన చెయ్యి అది. నలుగురూ రాణుల్లా ఉన్నారు, కానీ కన్నతల్లి కూడా గుర్తుపట్టలేదు. ఇప్పుడు చూసేవాళ్ళు దాన్ని కళ అంటారు. ఆయనకు అది ఇచ్చిన మాట.

శెట్టి చూసి జడుసుకున్నాడు. "ఏంది సాబ్, దయ్యాల మాదిరి? వీండ్లను ఎవురు గోడకు తగిలిచ్చుకుంటారు?" సాబ్ వినలేదు. ఆ వారంలోనే ఉరుకుంద తిరనాళ్ళకు, యాత్రికుల ఫోటోలు తీయడానికి పోయాడు. మర్నాడు శెట్టి నా దగ్గరికొచ్చాడు. "సాబ్ కంటే నీ చెయ్యే మంచిదంట గదా ఈరన్నా. ఒక్క మొగం మనిషి మాదిరి చెయ్యప్పా."

ఆ పొగడ్త నాకు చాలింది. పోస్టరు రంగు నీళ్ళకు కరిగిపోతుంది. తడి దూదితో నీలాన్ని తుడుస్తుంటే కింద నుంచి నరసమ్మ నవ్వు మెల్లగా పైకొచ్చింది. చెంపలకు చామనచాయ, పెదాలకు ఎరుపు అద్దాను. శివకాశికి అచ్చుకు పోయింది ఆ ఒక్క బొమ్మే. సాబ్ తిరిగొచ్చి అడిగితే, శెట్టి నాలుగూ తీసుకుపోయాడని మాత్రం చెప్పాను.

కొత్త ఏడాది మొదటి వారంలో మల్లయ్య వచ్చి క్యాలెండర్ బల్లమీద పరిచాడు. "మా యమ్మ అన్నం ముట్టల్యా. నరసమ్మను సి.బెళగల్‌కు పుట్టింటికి తోలినాము. నీ మాట మింద నమ్మి గదా సాబూ."

సాబ్ ఆ ఎర్రటి పెదాలను చాలాసేపు చూశాడు. ఆయన ఏ బొమ్మకూ పెదాలకు ఎరుపు వేసేవాడు కాదు. ఒక్కసారి నా వైపు చూశాడు. నేను కడిగిన రంగుల గిన్నెనే మళ్ళీ కడుగుతున్నాను.

"మాట ఇచ్చింది నేను మల్లయ్యా. తప్పు నాదే" అన్నాడు.

ఆ తర్వాత పది రోజులు స్టూడియో మూసేశాడు. సంచి నిండా వేరే క్యాలెండర్లు కొని, ఆదోనిలో, ఎమ్మిగనూరులో టీ అంగడి టీ అంగడికీ తిరిగి, నరసమ్మ బొమ్మ దించి ఇంకొకటి తగిలించాడు. సంచి మోసింది నేనే. చివరి రోజు ఎమ్మిగనూరు బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాం. "ఏమన్నా సెప్పేదుందా అప్పా?" అని అడిగాడు.

"ఏం లేదు సాబ్."

తలూపి, ఇద్దరికీ టీ చెప్పాడు.

మూడుసార్లు సి.బెళగల్ పోయి నరసమ్మ పుట్టింటివాళ్ళతో, మల్లయ్య తల్లితో మాట్లాడాడు. వానలు పడేనాటికి ఆమె తిరిగొచ్చింది. కానీ నేతగాళ్ళు పెళ్ళిళ్ళకు కూడా ఆయన్ను మళ్ళీ పిలవలేదు. పాస్‌పోర్టు ఫోటోలతోనే ఆయన మిగతా రోజులు గడిచిపోయాయి. నేను సొంత స్టూడియో పెట్టుకున్న రోజు తన సన్న బ్రష్షులన్నీ తెచ్చిచ్చాడు. ఆనాడు కూడా నేను నోరు విప్పలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు ఆయన చనిపోయాడు.

అడగకుండా ఎవరి ఫోటోనూ నా అద్దాల బీరువాలో పెట్టను. అది ఆయన నేర్పిందే. ఆ బ్రష్షులు నా బల్లమీదే ఉన్నాయి, వాటితో నేను ఒక్క ముఖానికీ రంగు వేయలేదు. బెంచీ మీద ఆయన అడిగినదానికి జవాబు మాత్రం ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉండిపోయింది.

ఉంది సాబ్. ఆ నీలం కడిగింది నేను.